చాటింపు తర్వాత నాయుడుపేట

మార్చి 18

ఈరోజు కంపెనీలో చేరాను. పేరు అడిగారు, మహిత అని చెప్పాను. ఆధార్ కార్డు జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టారు. అందులో భర్త పేరు దగ్గర ఉన్న బావ పేరు ఎవరూ చూసినట్టు లేదు. చదువు ఏడో తరగతి అని చెప్పేటప్పుడు మాత్రం నేల చూశాను. పక్క వీధి నిస్సీ అక్కడ ఆరు నెలల నుంచి పనిచేస్తోంది, బావ అక్కడ పనిచేసిన సంగతి దానికి తెలియదు, ముందే చెప్పి ఉంచింది కాబట్టి సరిపోయింది.

వాడిని చూశాను. వెంకటరమణ సార్ అంటారు అందరూ. పెద్ద మీసాలు, పెద్ద గొంతు ఉంటాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బక్క మనిషి. కళ్ళజోడు. టిఫిన్ డబ్బా గుడ్డసంచిలో పెట్టుకుని బస్సులో వస్తాడు. నన్ను చూసి తల ఊపాడు. బావ పేరు మీద దొంగరాత రాసి, ఇరవై మంది ముందు నిలబెట్టి ప్రశ్నలడిగి, ఇంటికి పంపిన మనిషి ఇంత మామూలుగా తల ఊపుతాడు.

ఊపనీ. నేను మరిచిపోలేదు.

మార్చి 19

బావ రాత్రి నుంచి మాట్లాడటం లేదు. నేను ఆ కంపెనీలో చేరడం ఆయనకు ఇష్టం లేదు. వారం రోజులు వద్దన్నాడు. వేరే ఎక్కడైనా చేరమన్నాడు, బట్టల షాపులో అయినా సరే అన్నాడు. నాకు తెలుసు ఆయన బాధ. తనను అవమానించిన గడప నేను తొక్కుతున్నాను. ఎందుకు తొక్కుతున్నానో ఆయనకు చెప్పలేదు. పని అయిపోయాక చెబుతాను.

పని సంగతి రాసుకుంటే గుర్తుంటుంది. హాలు నిండా పొడుగు బల్లలు. వాటి మీద రకరకాల కంపెనీల లాప్‌టాప్‌లు, ఒక్కో దానికి ఒక నంబరు. మా వాళ్ళు తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాటిలో ఎక్కించాలి. ఎక్కాక ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయాలి. అట్ట మీద బొమ్మలున్నాయి. స్క్రీను ఆ బొమ్మలాగే ఉంటే కాగితంలో టిక్కు, లేకపోతే ఇంటూ. కాగితం అడుగున రెండు సంతకాలు. ఒకటి చేసినవాళ్ళది, ఒకటి పక్కన కూర్చుని చూసినవాళ్ళది. అన్ని కాగితాలూ చివరికి వెంకటరమణ బల్ల మీదికి పోతాయి. వాడు సంతకం పెడితేనే సిస్టమ్ బయటికి విడుదల.

అన్నిటికంటే ముందు చూడవలసింది సెక్యూర్ బూట్. అదేమిటో నాకు అర్థం కాలేదు. నిస్సీ నవ్వింది.

"కొండ మింద క్యూలో టికెట్టు సూస్తారు గదక్కా, అట్ల. మిషను లేస్తానే, లోపలుండే సిస్టమ్‌కు ముద్ర ఉండాదా అని సూస్తాది. ఉంటే పో అంటాది. లేకుంటే మంత్రి బామ్మర్దివైనా లోపలికి ఇడవను అంటాది."

సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆఫ్ చేస్తే ముద్ర ఉన్నా లేకపోయినా మిషను లేస్తుంది. అందుకే గోడ మీద పెద్ద అక్షరాలతో రూలు అంటించారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచే పరీక్ష చేయాలి. లిస్టులో ఉన్న మిషన్లలో ఒక్కటి లేవకపోయినా విడుదల ఆపాలి.

బావను కొట్టింది ఈ రూలుతోనే. పోయిన సంవత్సరం మే నెలలో, తిరుపతిలో గంగమ్మ జాతర చాటింపు పడిన తర్వాత, కంపెనీ పని మీద బావ నాయుడుపేటకు పోయాడు. కొత్త మోడల్ లాప్‌టాప్ అక్కడి షెడ్డులో తయారవుతుంది, విడుదలయ్యే దాకా దాన్ని బయటికి పంపరు. మనిషే అక్కడికి పోవాలి. మొదటి రోజు ఎక్కించి, రాత్రంతా ఆపేసి, మర్నాడు పొద్దున మళ్ళీ స్టార్ట్ చేసి చూడాలి. బావ చేశాడు. లేవలేదు. లేవలేదనే రాశాడు. విడుదల ఆగిపోతుందని వెంకటరమణ ఆ కాగితం తీసేసి, లేచిందని బావ పేరుతో ఇంకొకటి పెట్టాడు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు నాలుగు వందల లాప్‌టాప్‌లు పిల్లల ముందు నల్లమొహం వేసుకుని కూర్చున్నాయి. తప్పు బావది అన్నారు.

ఇదంతా బావ నాకు ఒక్కసారే చెప్పాడు, గోడ వైపు తిరిగి. మళ్ళీ అడిగితే విసుక్కున్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

మార్చి 23

అత్త ఈరోజు మళ్ళీ అన్నది. కూర పొయ్యి మీద ఉంది, పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. చాటింపు పడినాక జాతర అయ్యేదాకా రాత్రి ఊరు దాటి ఉండకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసునట. పెళ్ళాం అనేది వాకిట్లో అడ్డంగా పడుకోవాలట. నేను చొక్కా ఇస్త్రీ చేసి, టిఫిన్ కట్టి పంపానట. గంగమ్మకు కోపం వచ్చి ఉద్యోగం పోయిందట.

"ఈ వడమాలపేటదానికి గంగమ్మ అంటే ఏం తెలుసు" అన్నది.

అత్త మా నాయనకు వరసకు అక్క. తనూ వడమాలపేటలో పుట్టిన మనిషే. ఆ మాట నేను పైకి అనలేదు. బావ అక్కడే కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. పాపం, తన గాయం గురించి మాట వస్తే ఆయన నోరు పడిపోతుంది.

ఏడాదిగా ఈ మాట పడుతున్నాను. ఇదంతా వెంకటరమణ లెక్కలోనే పడుతుంది.

మార్చి 27

ఈరోజు కూడా వాడు ఏ మిషనూ ముట్టుకోలేదు.

ఏప్రిల్ 5

నేను వాడిని కనిపెట్టి చూస్తున్నాను. మిషన్ల దగ్గరికి వస్తే పని ఆపి చూస్తున్నాను. ఒక్కసారైనా సెట్టింగుల్లోకి పోయి ఆఫ్ చేస్తాడని, ఫోన్‌తో ఫోటో తీయాలని నా ఆలోచన. ఫోన్ ఒడిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. వాడు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చూసి పోతాడు.

ఈరోజు నా కాగితం వెనక్కి తెచ్చాడు. ఏడో నంబరు మిషను ఐదుసార్లు స్టార్ట్ చేయాలి. నేను నాలుగుసార్లు చేసి ఐదు టిక్కులు పెట్టాను. మిషనులోనే లెక్క ఉంటుందట, అది నాకు తెలియదు. అందరూ తలలెత్తి చూశారు. నాకు చెవుల దాకా మంట.

"నాలుగు తూర్లు లేసింది, ఐదోతూరీ లేస్తాదిలే అనుకుంటివి. అంతే గదమ్మా? ఊహించి రాయొద్దు. మళ్ళీ చెయ్యి."

గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది. ఇలాగే మెల్లగా అడిగి ఉంటాడు బావను కూడా, అందరి ముందు.

ఊహించి రాయొద్దట. చెప్పేవాడు ఎవడు?

ఏప్రిల్ 12

నిస్సీ అడిగింది, ఎందుకక్కా సారును అట్ల సూస్తావు, తలకాయ కొరికేటట్లు సూస్తావే అని. నేనేం చూడలేదన్నాను. ఆయన మంచోడు, పోయిన క్రిస్మస్‌కు నాకు అడక్కుండానే సెలవిచ్చినాడు అన్నది. తనకు ఏం తెలుసు.

ఏప్రిల్ 17

వాడు తప్పు చేయడు. చేయడం లేదని కాదు. నేను చూస్తుండగా చేయడు. ఒకసారి మూతి కాలిన పిల్లి.

అయితే తప్పు వాడి దగ్గరికి రావాలి. బావకు ఎలా వచ్చిందో అలాగే రావాలి. లేవని మిషను లేచిందని కాగితం పోవాలి. అది నమ్మి వాడు సంతకం పెట్టాలి. సిస్టమ్ బయటికి పోవాలి. అక్కడ నల్లమొహాలు పడాలి. అప్పుడు వాడిని పిలిచి అడగాలి, అందరి ముందు. వాడి భార్య కూడా ఇంట్లో కూర్చుని వినాలి.

ఊరి ఆడపిల్లలను చెరిచిన పాలెగాడిని పట్టుకోవడానికి గంగమ్మ రోజుకొక వేషం వేసింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. వాడు దాక్కుంటే ఆమె మామూలు మనిషిలా వీధుల్లో తిరిగింది. నేను కూడా కంపెనీ ఇచ్చిన నీలం కోటు వేసుకుని రోజూ బల్ల దగ్గర కూర్చుంటున్నాను.

రాసుకుంటే భయంగా ఉంది. ఈ పుస్తకం బియ్యం డ్రమ్ము వెనక పెడుతున్నాను. అత్త అక్కడికి వంగలేదు.

ఏప్రిల్ 24

చేశాను.

పదకొండో నంబరు. పొద్దున బాగానే లేచింది. మధ్యాహ్నం అప్‌డేట్ ఎక్కించాక లేవలేదు. నల్ల స్క్రీను మీద ఎర్ర గీత, ముద్ర చెల్లదని రెండు లైన్లు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. నా పక్కన చూడవలసిన నిస్సీ ఇంటి నుంచి ఫోన్ వస్తే బయటికి పోయింది.

సెట్టింగుల్లోకి పోయాను. ఎలా పోవాలో ఈ నెలలో నూరుసార్లు చూశాను. ఆఫ్ చేశాను. లేచింది. ఐదుసార్లూ లేచింది. మళ్ళీ ఆన్ చేసి మూత వేశాను. ఐదు టిక్కులు పెట్టాను. సెక్యూర్ బూట్ అన్న గడిలో ఆన్ అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ వంకరగా ఉంటుంది, ఈరోజు గుండ్రంగా వచ్చింది.

నిస్సీ వచ్చి, అయిపోయిందా అక్కా అని అడిగి, చూడకుండానే సంతకం పెట్టింది. ఏడో నంబరు దగ్గర మాట పడ్డాక నేను మళ్ళీ తప్పు చేయనని దానికి నమ్మకం.

ఏప్రిల్ 25

అన్నం సహించలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

ఏప్రిల్ 26

నిస్సీకి ఏమీ కాదు. చివరి సంతకం వాడిది. పట్టుకుంటే వాడినే పట్టుకుంటారు.

బావను పట్టుకున్నారు కదా, వాడిని కాదు కదా అని ఇందాక బట్టలు ఉతుకుతుంటే అనిపించింది. అది వేరు. అప్పుడు వాడు మోసం చేశాడు.

మే 2

విడుదల పన్నెండో తేదీ. కాగితాలన్నీ వాడి బల్ల మీద ఉన్నాయి. నాయుడుపేట కొత్త మోడల్ ఒక్కటే మిగిలింది. ఈసారి ఫోన్‌లో అడిగి రాయడం కుదరదు, మనిషి పోవాలి, గేటు రిజిస్టరులో సంతకం పెట్టాలి, రాత్రి అక్కడే ఉండాలి అని అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పేటప్పుడు ఒక్కసారి నా వైపు చూశాడు. లేక నాకు అలా అనిపించిందేమో.

మే 7

నిన్న చాటింపు పడింది. ఈరోజు బైరాగి వేషం. పొద్దున ఆఫీసుకు పోతుంటే ఒళ్ళంతా తెల్లనామం పూసుకున్న వాళ్ళు సగం వీధి నిండా ఉన్నారు.

నాయుడుపేట షెడ్డువాళ్ళు ఎనిమిది, తొమ్మిది తేదీలు తప్ప కుదరదన్నారట. ఎవరు పోతారు అని వెంకటరమణ అడిగాడు. అందరూ బల్లల వైపు చూశారు. ఇంగ్లీషు చదివినవాళ్ళు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, ఒక్కరూ తల ఎత్తలేదు. ఒకతను చిన్నగా అన్నాడు, చాటింపు పడింది సార్, మా అమ్మ ఒప్పుకోదు అని. నిస్సీ పోతానంది గానీ దానికి రేపు పిల్లాడి ఆపరేషన్ ఉంది.

నేను లేచి నిలబడ్డాను.

ఎందుకు నిలబడ్డానంటే, బావ దాటిన ఊరు నేను కూడా దాటగలను. ఇంకొకటి కూడా ఉంది. అక్కడ గేటు రిజిస్టరులో పోయిన సంవత్సరం బావ సంతకం ఉంటుంది. దాన్ని ఫోటో తీస్తే, బావ పోయాడు, పరీక్ష చేశాడు అని రుజువు. నేను పదకొండో నంబరుతో వాడిని పడగొడతాను, ఈ ఫోటోతో బావను లేపుతాను.

ఇంట్లో చెప్పాను. అత్త చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"మొగుణ్ణి పంపి ఉద్యోగం పోగొడితివి. ఇప్పుడు నువ్వు పోతావా? ఈ ఇంట్లో ఇంకేం మిగిలుండాదని?"

నేను నేల చూశాను. బావ మాత్రం ఎప్పుడూ లేనిది నా వెనకాలే వంటింట్లోకి వచ్చాడు. వద్దు మహితా అన్నాడు. ఇంకెవరినైనా పంపమని చెప్పమన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి తడిగా ఉంది.

"గంగమ్మతో ఆటలొద్దు మే. నా మాట ఇను."

ఏడాది తర్వాత నా గురించి ఇంత భయపడ్డాడు. నాకు ఏడుపు వచ్చింది. ఇది నీ కోసమే బావా అనుకున్నాను, చెప్పలేదు.

మే 8

శ్రీకాళహస్తి మీదుగా బస్సు. పదిన్నరకు చేరాను. షెడ్డు హైవే పక్కన ఇంకొక నాలుగు షెడ్డుల మధ్య ఉంది. రేకుల కప్పు, నేల మీద ఒకటే పెద్ద హాలు, పక్కన ఆడవాళ్ళు పడుకోవడానికి ఒక గది. వాచ్‌మన్ పేరు ఇమ్మానుయేల్. పెద్దాయన. తిరుపతి నుంచి చాటింపు తర్వాత మనిషి వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు.

మిషను ఎక్కించాను. లేచింది. ఐదుసార్లు లేచింది. నిజంగా ఐదు. ఆపేసి మూత వేశాను. ఇక రేపు పొద్దున దాకా పని లేదు.

మధ్యాహ్నం గేటు దగ్గరికి పోయాను. లావు రిజిస్టరు. పోయిన సంవత్సరం జనవరి నుంచి ఉంది అందులో. ఒకసారి చూడవచ్చా తాతా అని అడగడానికి పావుగంట పట్టింది నాకు. ఆయన కుర్చీ కూడా వేశాడు.

పోయిన సంవత్సరం మే 15, 16. ఆ తేదీలు నేను ఎలా మరిచిపోతాను, ఆ రెండు రోజులూ నేను పొద్దు మునిగే దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, ఆయన క్షేమంగా రావాలని.

15న పేర్లు ఆరు. లారీ డ్రైవర్లు, కరెంటు పనివాళ్ళు. 16న నాలుగు. బావ పేరు లేదు. 14 చూశాను. 17 చూశాను. వేలు పెట్టి ఒక్కో లైను చదివాను, ఆ పేజీలు ఫోటో తీశాను. వేరే పుస్తకం ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు.

ఎవరికోసం వెతుకుతున్నావమ్మా అని అడిగితే, పోయిన జాతరప్పుడు తిరుపతి నుంచి ఒకాయన వచ్చాడు కదా, ఇక్కడ పరీక్ష చేశాడు కదా అన్నాను.

"యాడొచ్చినాడమ్మా. వస్తాడని సెప్పినారు. రెండు పూటలు భోజనం పార్శిల్ తెప్పించి పెట్టినాను. మిషను పెట్టెకు సీలు కూడా తియ్యలా. రెండోనాడు ఆ భోజనం కుక్కకేసినాను."

మే 8, సాయంత్రం

వేరే గేటు ఉందేమో అని షెడ్డు చుట్టూ తిరిగి వచ్చాను. లేదు.

ఇమ్మానుయేల్‌కు వయసు అయింది. మరిచిపోయి ఉంటాడు అని ఒక గంట అనుకున్నాను.

బావ ఆ రెండో రోజు ఇంటికి వచ్చినప్పుడు చొక్కా నేనే ఉతికాను. మెడ దగ్గరంతా కుంకుమ. బస్సులో జాతర జనం పూశారన్నాడు. సబ్బు రెండుసార్లు పెట్టాను, పోలేదు. నాయుడుపేట బస్సులో, ఒళ్ళంతా కుంకుమ పూసుకునే బండ వేషం వాళ్ళు ఎందుకు ఉంటారు అని నేను అడగలేదు. వాళ్ళు ఊరు దాటరు కదా.

ఊరు దాటలేదు. తిరుపతిలోనే ఎక్కడో ఉన్నాడు. ఆఫీసులో పాత మిషను మీద ఆఫ్ చేసి లేపాడో, అది కూడా లేకుండా టిక్కులు పెట్టాడో. పోయిన నెల నేను పదకొండో నంబరుకు చేసిందే ఆయన చేశాడు. నాకంటే ముందు చేశాడు.

దానికి నాకు అంత కోపం లేదు. భయపడ్డాడనుకుంటాను. వేడుక చూడాలనిపించిందనుకుంటాను. ఇంటికి వచ్చి చెప్పి ఉంటే, నేను పోలేదే అని ఒక్క మాట చెప్పి ఉంటే, అత్తతో నేనే అబద్ధం ఆడి కాపాడేదాన్ని.

ఏడాది. పొయ్యి దగ్గర, బావి దగ్గర, పక్కింటివాళ్ళ ముందు, నా తమ్ముడి పెళ్ళిలో మా అమ్మ ముందు. ఊరు దాటించి మొగుడి ఉద్యోగం తీసిన దాన్ని. మొగుడు ఊరే దాటలేదు. ఆయన అక్కడే కూర్చుని ఫోన్ చూస్తూ విన్నాడు. ప్రతిసారీ విన్నాడు. తన గాయం అనుకుని నేను ఆయన వైపు చూసి జాలిపడ్డాను.

నిన్న పట్టుకున్న చెయ్యి తడి నా కోసం కాదు.

మే 9, పొద్దున

ఏడు గంటలకు మూత తీసి స్టార్ట్ చేశాను. లేవలేదు. ఎర్ర గీత. రెండోసారి కూడా అదే. సెట్టింగుల్లో చూశాను, ఆన్‌లో ఉంది. ఇంటూ పెట్టాను. కింద నా సంతకం.

వెంకటరమణకు ఫోన్ చేశాను. గట్టిగా మాట్లాడమన్నాడు. ఇక్కడ లేవలేదని చెప్పాను. సరేనమ్మా, విడుదల ఆపుతాను, మంచి పని చేశావు అన్నాడు. రెండు నెలలుగా వాడిని పడగొట్టాలని చూశాను. ఆ మాటతో వాడి తేదీ పోయింది, పై వాళ్ళ దగ్గర వాడికి మాట పడుతుంది. నాకు ఏమీ అనిపించలేదు. ఎంగిలాకు నాకినట్టు ఉంది.

ఫోన్ పెట్టేయబోతుంటే చెప్పాను, పదకొండో నంబరు కూడా లేవలేదు సార్, నేనే ఆఫ్ చేసి టిక్కు పెట్టాను, నిస్సీకి తెలియదు అని. ఒక్క ఊపిరిలో చెప్పాను. ఎందుకు చేశావని అడిగాడు. మా బావ అని మొదలుపెట్టి ఏడ్చాను.

"మొదటి రోజే ఆధార్ సూసినానమ్మా. రూపేష్ పెండ్లామని తెలుసు. పనికొచ్చిన మనిషి పనికే వచ్చింటాదని ఊరకుండినాను."

నా ఏడుపు విని, ఇంకా మెల్లగా చెప్పాడు.

"వాణ్ణి నేను తియ్యలేదు. పొయ్యి సూసినావా అని మూడు తూర్లు అడిగినా. మూడోతూరి తల దించుకున్నాడు. తనే రాజీనామా రాసిచ్చి పోయినాడు. నీకు అట్ల సెప్పలేదా?"

పదకొండో నంబరు కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాలట. సోమవారం పై వాళ్ళతో మాట్లాడి నా సంగతి చెబుతాడట. ఉంచుతారో లేదో తన చేతిలో లేదన్నాడు. సరే సార్ అన్నాను. మొదటిసారి సార్ అని మనసులో కూడా అనుకున్నాను.

ఇమ్మానుయేల్ ఇడ్లీ తెప్పించాడు. నాలుగు తిన్నాను. ఆకలిగా ఉంది. చాలా రోజుల తర్వాత.

మే 9, మధ్యాహ్నం

బస్సులో వస్తున్నంతసేపు ఎలా అడగాలా అని ఆలోచించాను. నువ్వు పోలేదు కదా అని అడిగితే పోయానంటాడు. రిజిస్టరు చూశానంటే వాచ్‌మన్ రాయలేదంటాడు. కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చి ఊరుకుంటానని ఆయనకు తెలుసు. అత్త నన్నే తిడుతుంది.

అందుకని ఏమీ అడగకుండానే ఇంట్లోకి పోయాను. బావ వాకిట్లోనే ఉన్నాడు. నా మొహం చూశాడు. నేను నవ్వాను. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అన్నం వడ్డించాను. అత్తకు, బావకు పక్క పక్కనే వేశాను. ఎప్పుడూ వేరేగా వేస్తాను.

అత్త గంగమ్మకు మొక్కుకుని వచ్చిందట పొద్దున, నా పాపం ఇంటికి తగలకూడదని. బావ రెండు ముద్దలు తిన్నాక మెల్లగా అడిగాడు, అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా అని. ఎవరేమంటారు బావా, మంచివాళ్ళు అన్నాను. ఆయన భుజాలు కిందికి దిగాయి. పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

వేశాను. వేస్తూ అన్నాను.

"పని ఏం లేదు గానీ బావా, ఆ మెట్లే నా పాణం తీసినాయి. మిషను అంత పైన పెట్టినారే. నువ్వు ఎట్ల ఎక్కినావు రెండు రోజులు?"

ఆయన ముద్ద నోటి దగ్గర ఆగింది. నా వైపు చూశాడు. నేను గరిటె వైపు చూస్తున్నాను. నేను తల దించుకుని ఉండటం ఈ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు.

"అవును మే, మూడో అంతస్తు గదా. నాకూ మోకాళ్ళు పట్టేసినాయి అప్పుడు. లిఫ్టు ఉండాది గానీ పంజెయ్యలా."

లిఫ్టు కూడా. నేను అడగలేదు, తనే పెట్టాడు.

అత్త, పాపం బిడ్డ, ఎంత కష్టపడినాడో అన్నది. ఆ ఉద్యోగానికి, ఆ మెట్లకు, ఆ ఊరు దాటించిన దానికి అని నా వైపు చూసి మొదలుపెట్టింది. ఎప్పటిలాగే. అననిచ్చాను. ఒక మాట కూడా తగ్గకుండా అననిచ్చాను. ఆగాక గరిటె గిన్నెలో పెట్టాను. తల ఎత్తి అత్తను చూశాను.

"ఆడ మెట్లే లేవత్తా. రేకుల షెడ్డు, నేల మిందనే ఉండాది. పోయినేడాది ఆ రెండు దినాలు తిరుపతి నుంచి ఎవురూ రాలేదంట. గేటు పుస్తకం సూసినాను. నీ కొడుకు ఊరు దాటలేదు. నేను దాటించలేదు."

చెప్పి ఫోన్ తీసి రిజిస్టరు ఫోటోలు ఆమె కంచం పక్కన పెట్టాను. ఆమెకు చదవడం రాదు. చూడవలసిన పని కూడా లేకపోయింది, బావ మొహం అక్కడే ఉంది. గోడ వైపు తిరిగాడు. అలా తిరిగితే జాలిపడే మనిషి ఆ గదిలో ఎవరూ లేరు.

అత్త కంచం పక్కకు జరిపింది. తర్వాత నన్ను కాదు, కొడుకును చూసింది. పెళ్ళయిన మూడేళ్ళలో ఆ చూపు ఎప్పుడూ నా మీదే చూశాను.

"అయితే ఆ రెండు దినాలు యాడ ఉంటివిరా?"

బావ మహితా అన్నాడు. మెల్లగా, సాయం అడుగుతున్నట్టు. నేను పెరుగు తెస్తానని చెప్పి లోపలికి పోయాను. అత్త గొంతు పెరిగింది. పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకోవడం వినిపించింది. పెరుగు గిన్నె చేతికి అందేచోటే ఉంది. నేను దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఆ పోట్లాట అంతా అయ్యేదాకా.